మావయ్య భుజమ్మీద కాలు

మొన్న ఆదివారం మా వార్డు కుర్రాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. శ్రామిక దినోత్సవానికి స్టేడియంలో పెద్ద డ్రిల్లు ఉందట. వెయ్యిమంది ఒక్కసారి చేతులెత్తితే వరిచేను కనబడాలట, వంగితే మిల్లు చక్రం కనబడాలట. రోజూ పొద్దున్నే ఎండలో నిలబెట్టి చేయిస్తున్నారు, పాపం మొహాలు మాడిపోయాయి. అందులో ఒకడు నా చేతిలో తెల్లకాగితం పెట్టి, "అఫో, మీరు ఇంగ్లీషోడి టైములో స్పోర్ట్సు గుమస్తా కదా. ఆటలు జనాన్ని ఎలగ ఒకటి సేస్తాయో రెండు ముక్కలు రాసియ్యండి. గోడకి అంటిస్తాం" అన్నాడు. వీళ్ళకి తాత అనడం ఎప్పుడో పోయింది, అందరూ బర్మా మాటలో అఫో అనే అంటారు.

రెండు ముక్కలు! రెండు ముక్కల్లో చెప్పేదైతే అప్పుడే చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాబట్టి మొత్తం రాస్తున్నాను. ఒక గోడ సరిపోకపోతే ఇంకో గోడ చూసుకోండి.

అప్పటికి మొదటి పెద్ద యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. నాకు పాతికేళ్ళు కూడా లేవు. మా నాన్న శ్రీకాకుళం వైపు నించి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోశాడు. నేను ఆ ఊళ్ళోనే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పుట్టి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, అదే రేవులో ఓడలకి సరుకెత్తే ఒక కంపెనీలో లేబరు ఆఫీసు గుమాస్తానయ్యాను. ఏ ముఠా ఏ ఓడ దగ్గరికి వెళ్ళాలో చెప్పడం, వెళ్ళిందో లేదో చూడడం నా పని. ముఠా అంటే ఒక మేస్త్రి, అతని కింద అతని ఊరివాళ్ళు, చుట్టాలు. మేస్త్రి దేశం వెళ్ళి మనుషుల్ని తెస్తాడు, కంపెనీ వాళ్ళకి బారక్కులో చోటిస్తుంది. పని పోతే బారక్కు పోతుంది. వానాకాలంలో ఈ ఊళ్ళో తలమీద కప్పు లేకపోవడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

మా లేబరు దొర చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాడు, ఈయన మమ్మల్ని బాగుచేయాలనుకున్నాడు. అప్పట్లో సెలవురోజుల్లో జెట్టీల దగ్గర యూనియన్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒక మూల తెలుగులో, ఇంకో మూల బర్మాలో. ఈ రెండు గుంపులూ ఎప్పుడైనా ఒక చోట చేరితే ఓడ కదలదని దొర భయం. ఒకరోజు ఒక పత్రిక తెచ్చి నా బల్ల మీద పరిచాడు. రష్యాలో తీసిన ఫొటో. పెద్ద మైదానంలో వేలమంది కూలీలు పొట్టి నిక్కర్లు వేసుకుని, అందరూ ఒకే రకంగా చెయ్యి చాపి నిలబడ్డారు.

"చూశావా? విప్లవం చేసినవాళ్ళే తమ జనాన్ని ఇలా నిలబెట్టారు. ఈలకి చెయ్యెత్తడం అలవాటైనవాడు ఈల లేకుండా చెయ్యెత్తడని వాళ్ళకి తెలుసు. మనకెందుకు తెలియకూడదు?" అన్నాడు.

తెలివైన మాటే, కాదనను. విచిత్రమేమిటంటే ఆ వారమే జెట్టీ దగ్గర తెలుగు ఉపన్యాసకుడు కూడా అదే ఫొటో పైకెత్తి చూపించి, "అక్కడి కార్మికుడు ఎంత స్వేచ్ఛగా ఆడుకుంటున్నాడో చూడండి సోదరులారా" అన్నాడు. ఫొటోలో ఉన్నవాళ్ళని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలీదు. నేను మటుకు దగ్గరగా పెట్టుకుని చూశాను. ముందు వరసలో ఒకాయన మొహం అచ్చం మా బారక్కులో అన్నానికి ఆలస్యమైన మనిషి మొహంలాగే ఉంది.

బళ్ళో నేను డ్రిల్లులో మొదటివాడినని దొరకి ఎవడు ఊదాడో గానీ, మర్నాటికల్లా నన్ను స్పోర్ట్సు గుమాస్తాని చేశాడు. పాత పని పోలేదు సుమా. అదీ నేనే, ఇదీ నేనే. మా హెడ్డు గుమాస్తా గారు కాకినాడ వారు, ముక్కుపొడుం పడితే గానీ నోరు విప్పేవారు కాదు. ఆయన కళ్ళజోడు మీదనించి నన్ను ఎగాదిగా చూశారు.

"ఏమయ్యా, పొద్దంతా బస్తాలు మోసినవాళ్ళ చేత సాయంత్రం వ్యాయామం చేయిస్తావా? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పగలు వాళ్ళు మోసేది పూలదండలనుకుంటున్నాడా మీ దొర?"

"మా దొరేమిటండి, మీ దొర కాదూ?"

"ఇలాంటి బుద్ధులు పుట్టినప్పుడు నీ దొరే" అని పొడుం డబ్బా మూసేశారు.

ఏర్పాటు ఏమిటంటే, వానలు పడేముందు లండన్ నించి కంపెనీ పెద్దలు వస్తారు, ఇక్కడి ప్రభుత్వంలో పెద్ద అధికారి ఒకాయన భార్యాసమేతంగా వస్తాడు. వాళ్ళ ముందు కంపెనీ కూలీలంతా ఒక్క ఈలకి ఆడాలి. తెలుగు ముఠాలకి తెల్ల బనీన్లు, కంపెనీ బియ్యం మిల్లులోని బర్మావాళ్ళకి ఎర్ర బనీన్లు. వీళ్ళ మైదానం వేరు, వాళ్ళ మైదానం వేరు. వీళ్ళు ఆడేరోజు వాళ్ళు ఆడకూడదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటేనే దొరకి నిద్రపట్టదు.

నాకు ముందుగా అప్పగించిన ముఠా మీద దొరకి ఒక కన్నుంది. ఆ నలభైమందీ యూనియన్ మీటింగులో నిలబడ్డారని ఎవరో ఆయనకి చేరవేశారు. వాళ్ళ మేస్త్రి యాభై దాటినవాడు, చెవులకి పోగులు, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట. మీటింగుకెందుకు వెళ్ళావయ్యా అని అడిగాను.

"మీటింగో ఏటో మాకేటి తెలుసు బాబూ? తెలుగు మాట ఇనబడితే నిలబడ్డాం. ఆయన సక్కగా సెప్తన్నాడు. అద్దం కాకపోయినా ఇనడానికి బాగుంది."

దొర షరతు చెప్పాను. ప్రదర్శన బాగా చేస్తే వానాకాలమంతా బారక్కూ పనీ ఉంటాయి. చెడగొడితే ఆ రోజే మూటలు కట్టుకోవాలి. మేస్త్రి చుట్టని ఇటునించి అటు మార్చాడు.

"అయితే మా నలబైమంది బతుకూ ఇప్పుడు గెంతులాటలో ఉందన్నమాట."

"అంతే."

"సర్లే, గెంతుతాం. ఏటి సేత్తాం?"

మొదట నిక్కర్ల దగ్గరే గొడవ వచ్చింది. జన్మంతా గోచీ కట్టి బస్తా మోసినవాళ్ళు తెల్ల నిక్కరు వేసుకోవడానికి సిగ్గుపడ్డారు. అదేమిటంటే, "గోసీ మనది బాబూ, ఇది పరాయోడిది" అన్నారు. చివరికి నిక్కరు మీద తువ్వాలు చుట్టుకుని వచ్చారు. చేతులెత్తమంటే తువ్వాలు జారేది, తువ్వాలు పట్టుకుంటే చెయ్యి లేచేది కాదు. దాన్ని వదిలించేసరికి నా గొంతు పోయింది.

అది చిన్న గొడవ. దొర అసలు కోరిక మనుషుల గోపురం. కింద నలుగురు, వాళ్ళ భుజాల మీద ముగ్గురు, ఆ పైన ఇద్దరు, అందరి మీదా కంపెనీ జెండాతో ఒకడు. అలాంటివి మైదానమంతా లేవాలి. బరువున్నవాళ్ళు కింద ఉండాలి, తేలికవాళ్ళు పైకెక్కాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ ముఠా అంటే ఒకే ఊరు, ఒకే చుట్టరికమని చెప్పాను కదా. బరువున్నవాళ్ళంటే పెద్దవాళ్ళు. తేలికవాళ్ళంటే వాళ్ళ మేనల్లుళ్ళు, అల్లుళ్ళు, తమ్ముళ్ళు.

మొదటి కుర్రాడు మేనమామ తొడ మీద కాలు పెట్టాడు. వెంటనే దిగి, తొడ తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ ఎక్కి భుజమ్మీద కాలు పెట్టాడు. ఆ భుజం తాకి కళ్ళకద్దుకోవడానికి పట్టు వదిలేసి వంగాడు, దబ్బున పడ్డాడు. పడుతూ పడుతూ పక్కవాడి చెవి మీద తన్నాడు. లేచి, నడుం పట్టుకుని, ముందు ఆ చెవి తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు "ఓలమ్మో" అన్నాడు.

"ఒరే, మొక్కులు తర్వాత! ముందు ఎక్కు!" అని అరిచాను.

"మావయ్య బుజమ్మీద కాలెట్టి మొక్కకండా ఉంటానేటి బాబూ? పాపం తగల్దేటి?"

"పర్నేదురా, ఎక్కు" అంటాడు కిందనించి మేనమామ. అంటాడే గానీ, వాడు మొక్కేదాకా ఒళ్ళు బిగించడు. భుజం అలా జారేసి నిలబడతాడు.

రోజులు గడుస్తున్నాయి, ఒక్క గోపురం కూడా రెండో అంతస్తు దాటదు. దొర వచ్చి చూశాడు. ఆ సెల్యూట్ ఏమిటని అడిగాడు. మాలో కాలు తగలడం తప్పు సార్, క్షమాపణ అడుగుతున్నారని చెప్పాను. నిషేధించమన్నాడు. నిషేధించాను. మావాళ్ళు చెమట తుడుచుకుంటున్నట్టు, నలక పడినట్టు, దొంగచాటుగా కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. పడడం మటుకు మానలేదు. పైన దొర, కింద వీళ్ళు, మధ్యలో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక సాయంత్రం ఈల నేలకేసి కొట్టి, "మీ బారక్కు పోతుందర్రా! పెళ్ళాం బిడ్డలకి ఏం పంపుతారు? ఒక్కడికీ పట్టదా?" అని కేకలేసి ఒక గోనెల గుట్ట మీద కూలబడ్డాను.

అలా కూర్చుంటే కిందటేడు బారక్కులో అమ్మవారి సంబరం గుర్తొచ్చింది. ఈ ముఠావాళ్ళే తప్పెటగుళ్ళు ఆడారు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, ఒకడి మీద ఒకడు ఎక్కి మరీ గంతులేశారు. అప్పుడు ఎవడూ పడలేదే! మేస్త్రిని పిలిచి అడిగాను.

"అది ఆట కదా బాబూ. ఆటకి ముందరే అందరం ఒకేపాలి దండాలు ఎట్టేసుకుంటాం. మరి ఆట అయ్యేవరకూ ఏ కాలుకీ తప్పునేదు."

"మరి ఇక్కడా అలా చెయ్యొచ్చుగా! ఇదీ ఆటేగా!"

"ఇది ఆటేటి?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "దొర పని అనుకున్నాం మావు."

ఏం చెప్పమంటారు చెప్పండి. ఆ మర్నాటి నించి గోడౌను వెనక, దొర కంట పడకుండా, చిన్నవాళ్ళంతా పెద్దవాళ్ళకి ఒక వరసలో దండాలు పెట్టేవారు. పెద్దవాళ్ళు "సల్లగుండండి" అనేవారు. ఆ తర్వాత నేను ఈల వేస్తే గోపురం నిటారుగా లేచేది. దొర మురిసిపోయాడు. అదంతా తన ఈల మహిమే అనుకున్నాడు.

అదే రోజుల్లో మిల్లు టైం కీపరు టీ కొట్టు దగ్గర కలిశాడు. బర్మావాడు, భార్య మన పిల్లే, అంచేత మన మాట బాగా వచ్చు. నేను అతన్ని అకో అనేవాణ్ణి, అన్న అన్నట్టు. అతను నన్ను సయా అనేవాడు, చదువుకున్నవాణ్ణని. ఎర్ర బనీన్ల చేత డ్రిల్లు చేయించే శిక్ష అతనికి పడింది.

"మావాళ్ళు ఒకడి మీదొకడు ఎక్కనే ఎక్కరు సయా. పెద్దోళ్ళ తల కన్నా పైన కాలెడతారేటి అని నన్నే తిడతన్నారు. కర్రసాము ఒకటీ సేయించి ఊరుకున్నాను" అన్నాడు.

"మీకూనా ఈ గొడవ!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుకుని టీలు తాగి ఎవరి దారిన వాళ్ళం పోయాం. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడుకున్నామంటే నా మీద ఒట్టు. తర్వాత దాన్నే కుట్ర అన్నారు.

ప్రదర్శన రోజు వచ్చింది. మైదానంలో షామియానా, బ్యాండు, పూలకుండీలు. ఎర్ర బనీన్లు ఒక పక్క, తెల్ల బనీన్లు ఒక పక్క, మధ్యలో సున్నం గీత. మేస్త్రి ఆ రోజు నోట్లో చుట్ట లేకుండా వచ్చాడు. "నలబైమందికీ ఉదయం నించి అన్నం దిగనేదు బాబూ" అన్నాడు. నాకు మటుకు దిగిందా ఏమిటి? వాళ్ళ దండాలు గోడౌను వెనకే అయిపోయాయి. ఎర్ర బనీన్ల కర్రసాము అయింది. తెల్ల బనీన్ల కసరత్తు అయింది. ఒక్క చెయ్యి తప్పలేదు. ఇక గోపురాలు లేస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఆ పెద్ద అధికారి షామియానాలోంచి దొరతో ఏదో అన్నాడు. దొర పరుగు పరుగున నా దగ్గరికి వచ్చాడు.

"ఇండియన్లూ బర్మన్లూ కలిసి ఉన్న ఫొటో కావాలంటున్నారు. గోపురాల పైకి ఎర్ర బనీన్లని ఎక్కించు. ఐదు నిమిషాలే."

"సార్, వాళ్ళు ఎప్పుడూ ఎక్కలేదు సార్. అసలు ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు."

"ఎక్కడానికి చూసుకోవడమెందుకు? ఎక్కమను!"

నేను టైం కీపరుకి చెప్పాను. అతను నన్ను ఒక చూపు చూసి, మొహం తుడుచుకుని, తనవాళ్ళకి చెప్పాడు. ఎర్ర బనీన్లు సున్నం గీత దాటి వచ్చి మావాళ్ళ ఎదురుగా నిలబడ్డారు. కింద ఉన్నవాళ్ళలో నెరిసిన తలలున్నాయి. బర్మా కుర్రాళ్ళు ఆ తలల్ని చూశారు, వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకున్నారు. ఆ తర్వాత అందరూ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, నుదురు నేలకి ఆనించారు. గడో అంటారు. తల్లిదండ్రులకీ గురువులకీ పెడతారే, ఆ దండం.

మావాళ్ళు బెదిరిపోయారు. తమ కాళ్ళ దగ్గర పరాయివాడు నుదురు నేలకి ఆనించడం వాళ్ళు బతుకులో చూడలేదు. రేవులో వాళ్ళని పక్కకి పొమ్మనేవాళ్ళే గానీ దండం పెట్టినవాడు లేడు. "అయ్యయ్యో, నెగండి బాబూ, నెగండి" అంటూ మేస్త్రి తనూ మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు. అతను కూర్చుంటే ముఠా కూర్చుంది. ఆ ముఠా కూర్చుంటే పక్క ముఠా కూర్చుంది. చూస్తుండగానే మైదానమంతా ఎర్ర బనీన్లూ తెల్ల బనీన్లూ ఎదురెదురుగా మోకాళ్ళ మీద, ఒకళ్ళకొకళ్ళు దండం పెట్టుకుంటూ ఉండిపోయారు. సగంమంది వీపులు షామియానా వైపే ఉన్నాయి. నేను ఈల ఊదాను. ఎవడూ లేవలేదు. బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. తర్వాత ఈ రేవులో మనసు విరిగే పనులు చాలా చూశాను, మనవాళ్ళూ బర్మావాళ్ళూ ఒకళ్ళ మీదొకళ్ళు చేసుకున్నవి. ఆ రోజు మటుకు నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

అధికారి భార్య లేచి చప్పట్లు కొట్టింది. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుంది పాపం. ఆ తర్వాత అందరూ లేచారు, గోపురాలు లేచాయి, ఎర్ర బనీన్ల కుర్రాళ్ళు పైకెక్కి జెండాలు చూపించారు. ఒక్కడు పడలేదు. అభ్యాసం లేనివాళ్ళు! అతిథులు దొర చెయ్యి పట్టుకుని ఊపి ఊపి మెచ్చుకుని వెళ్ళిపోయారు. మేస్త్రి నా దగ్గరికి వచ్చి, "బతికేసినాం కదా బాబూ?" అన్నాడు. బతికేశాం అన్నాను.

ఆ సాయంత్రమే యూనియన్ ఉపన్యాసకుడు మా ఇంటికి దండతో వచ్చాడు. "సోదరా, ఎంత గుప్తంగా నడిపారు! రెండు జాతుల కార్మికుల చేత దొరల కళ్ళెదుటే ప్రమాణం చేయించారు!" అని నా చెయ్యి వదలడు. ప్రమాణం లేదు, నీ తలకాయా లేదు, కాళ్ళు తగుల్తాయని దండం పెట్టుకున్నారయ్యా మహానుభావా అని మొత్తుకున్నాను. ఆయన కన్ను గీటి, "అలాగే చెప్పండి, ఎవరడిగినా అలాగే చెప్పండి" అని వెళ్ళిపోయాడు. మర్నాడు జెట్టీ దగ్గర రెండు భాషల్లోనూ అదే ఉపన్యాసం. అది విని దొరకి చేరవేసేవాళ్ళకి కొదవా?

దొర నన్ను గదికి పిలిచాడు.

"ఏమిటా ప్రమాణం?"

"ప్రమాణం కాదు సార్, క్షమాపణ."

"ఎవరికి క్షమాపణ?"

"ఒకళ్ళకొకళ్ళు సార్. కాళ్ళు తగుల్తాయి కదా."

"అప్పటికింకా తగల్లేదు."

"తగలకముందే అడిగారు సార్."

"జరగని తప్పుకి క్షమాపణ! అదీ వందలమంది, ఒకేసారి, ఈల లేకుండా! రెండు భాషలవాళ్ళు! నేను వెర్రివాణ్ణనుకుంటున్నావా?" అంటూ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా మొహంలో మొహం పెట్టాడు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. తప్పెటగుళ్ళు చెప్పాను, మేనమామ చెప్పాను, గడో చెప్పాను. చెప్తూ చెప్తూ ఆవేశంలో ఒక అడుగు ముందుకేశాను. నా కాలు దొర బూటు మీద పడింది. బుద్ధి కంటే ముందు చెయ్యి కదిలింది. చటుక్కున వంగి ఆ బూటు తాకి కళ్ళకద్దుకున్నాను. అద్దుకున్నాక నాకే తట్టింది, ఇంతకన్నా రుజువేం కావాలని. సంతోషంతో తలెత్తి, "ఇదే సార్! వాళ్ళు చేసింది ఇదే!" అన్నాను.

దొర తన బూటు వంక చూసుకున్నాడు. నా వంక చూశాడు.

"అంటే ఆ ప్రమాణం నువ్వు కూడా చేశావన్నమాట" అన్నాడు.

అంతే. నా ఉద్యోగం ఆ గుమ్మం దగ్గర ఊడింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని అంటారే, అది నేను. ముఠాని ఆ మధ్యాహ్నమే బారక్కులోంచి గెంటేశారు. హెడ్డు గుమాస్తా గారు పాపం లోపలికి వెళ్ళి వాళ్ళకోసం మాట్లాడారు. బయటికొచ్చి, "గోడకి చెప్పినా కాస్త సున్నం రాలుతుందయ్యా" అని పొడుం పీల్చుకున్నారు.

అదే రోజు మొదటి వాన పడింది. నలభైమందీ బారక్కు వాకిలి పక్కన మూటల మీద గోనెలు కప్పుకుని కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"ఎవడూ పడనేదు కదా బాబూ? జెండా నిలబడింది కదా? అమ్మగారు సప్పట్లు కొట్టింది కదా? మరి మావేటి తప్పు సేసినాం?"

చేసిన తప్పేదైనా ఉంటే చెప్పి ఓదార్చవచ్చు. బాగా చేసినందుకు పని పోయిందని ఒక మనిషికి ఎలా చెప్తారు? కోపంతో ఏడ్చేశాను. మేస్త్రి నన్నే ఓదార్చాడు, సిగ్గుచేటు.

అలా ఉండగా టైం కీపరు గొడుగు వేసుకుని వచ్చాడు. వెనక ఎర్ర బనీన్ల కుర్రాళ్ళు. నా వైపు చూడకుండా తిన్నగా మేస్త్రి దగ్గరికే వెళ్ళాడు.

"మావోళ్ళ గడో తీసుకున్నారు మీరు. గడో తీసుకున్న పెద్దోళ్ళని రోడ్డు మీద వదిలేస్తే మాకు మంచిది కాదు. మిల్లు ఎలాగూ వానలకి నెమ్మదిస్తాది, ఈ కుర్రోళ్ళందరూ ఏటికవతల, కుండలు చేసే ట్వంటే వైపోళ్ళే. అక్కడ కుండలు పడవలకెత్తాలి, నాట్లెయ్యాలి. మా అత్త ఇంటి పక్కన పెద్ద పాక ఉంది. నెగండి."

మేస్త్రి నా వంక చూశాడు. నేను టైం కీపరు వంక చూశాను. ఈలోగా ఆ కుర్రాళ్ళు ఎవరి అనుమతీ అడక్కుండా మూటలు నెత్తికెత్తుకున్నారు. అందరూ కలిసి రేవు వైపు నడిచారు, కాలవ పడవలెక్కి వెళ్ళిపోయారు. ఈ రెండు గుంపులూ ఎక్కడ కలుస్తాయోనని దొర అన్నాళ్ళు రెండు రంగుల బనీన్లు తొడిగి, సున్నం గీతలు గీయించాడు. చివరికి వాళ్ళని ఒకే పడవెక్కించింది ఆయనే.

నేను రంగూన్ పక్కనే ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపులో చేరాను. అక్కడే రిటైరయ్యాను. అక్కడా ఆటలుండేవి, నన్ను మాత్రం ఎవరూ ఈల పట్టుకోమనలేదు, నేనూ బళ్ళో డ్రిల్లు సంగతి ఎవరికీ చెప్పలేదు.

వానలు వెనకబట్టాక కొత్త బియ్యం వచ్చింది, ఓడలు వరసకట్టాయి. కంపెనీకి చేతులు చాల్లేదు. దొర ఆటలూ బనీన్లూ మరిచిపోయి, హెడ్డు గుమాస్తా గారిని లాంచీ ఎక్కించి ట్వంటే పంపించాడు, ఆ ముఠాని తీసుకురమ్మని. అక్కడ జరిగింది ఆయనే తర్వాత ఇన్సేన్ వచ్చినప్పుడు నాకు చెప్పారు. మేస్త్రి ఆయన్ని చాప మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చెప్పిందంతా విన్నాడట. విని, "ఆటలున్నాయా బాబూ?" అని అడిగాడట.

"ఆటలేమిటయ్యా?"

"అదే, నిక్కర్లేసి ఎక్కేవి."

"లేవయ్యా, అవన్నీ మానేశాడు. పని ఒక్కటే."

"పనైతే వస్తాం. ఈల్లూ వస్తారు" అని పాక ముందు కుండలు కడుతున్న బర్మా కుర్రాళ్ళని చూపించాడట. "రెండు ముటాలు కాదు బాబూ, ఒకటే ముటా. ఒకటే బారక్కు."

"అయ్యో రామా! దాన్ని దొర చచ్చినా ఒప్పుకోడయ్యా!"

"అయితే బస్తాలు దొర్నే మొయ్యమనండి" అన్నాడట మేస్త్రి, చుట్ట వెలిగించుకుంటూ.

మర్నాడు దొర ఒప్పుకున్నాడు.